వెనక్కి తిరిగిన కుర్చీ

ఆ గ్యాలరీలో గోల్ పడిన సంగతి అందరికంటే ముందు తెలిసేది సెలూన్ బాబాయికే. కాకపోతే గోల్ అంటే ఎలా ఉంటుందో ఆయన ఎరగడు. జట్టు ఆడుతున్నంతసేపూ గ్రౌండుకి వీపు పెట్టి, జనం వైపు మొహం పెట్టి, ముందు వరుసలో ఇనుప కడ్డీకి ఆనుకుని నిలబడతాడు. ఎదురుగా మెట్లమెట్లుగా మొహాలు. ఆ మొహాల్లోనే మ్యాచ్ చదువుకుంటాడు. కనుబొమలు లేచాయంటే బంతి మనవాళ్ల దగ్గరుంది. మెడలన్నీ ఒక్కసారి ఎడమకి తిరిగాయంటే పోయింది. అందరూ నోళ్లు తెరిచి, లేవబోయి, సగంలో ఆగిపోయారంటే మన ఫార్వర్డ్ ఖాళీ గోల్ ముందు నిలబడి బంతిని ఆకాశానికి తన్నాడన్నమాట. ఆ సగం లేచిన భంగిమ బాబాయికి బాగా అలవాటైపోయింది. నిద్రలో లేపి అడిగినా వేసి చూపిస్తాడు.

ఇది శిక్ష అనుకునేరు. కాదు, పదవి. పదవులు ఎలా వస్తాయో అలాగే వచ్చింది, అంటే ఆయన ప్రమేయం లేకుండా.

పెళ్లయిన కొత్తలో, భార్య అన్నగారు ఆయన్ని మర్యాదగా ఈ గ్రౌండుకి తీసుకొచ్చాడు. కొత్త అల్లుడికి అత్తవారు చేసే మర్యాదల్లో కొన్ని ఒంటికి పడవు. ఇది ఆ కోవలోది. మొదటి మూడు నాలుగు మ్యాచ్‌ల్లో మన జట్టు గోల్ వేసిన పాపాన పోలేదు. ఆ తర్వాతి మ్యాచ్‌లో బాబాయి చెప్పు మెట్ల సందులోకి జారింది. వెతుక్కోవడానికి వెనక్కి తిరిగి వంగాడు. సరిగ్గా అప్పుడే గోల్ పడింది. మనవాళ్లు వేశారనడం కంటే అవతలి డిఫెండర్ మోకాలికి తగిలి లోపలికి పోయిందనడం న్యాయం. కానీ ఓడిపోయే జట్టు అభిమానులు న్యాయం కోసం గ్రౌండుకి రారు. పై వారం వెనకనుంచి ఎవరో పిలిస్తే తిరిగాడు. మళ్లీ గోల్. ఆ పై వారం ఆయన తిరగలేదు. బావగారే భుజాలు పట్టుకుని తిప్పాడు.

"నాకేం సరదానా బావా? నువ్వు తిరిగితే పడుతోంది, తిరక్కపోతే పడట్లేదు."

"నేను ఇంట్లో ఉన్న రోజుల్లో కూడా పడే ఉంటాయిగా బావా?"

"ఇంట్లో ఉన్నప్పుడు కూడా గ్రౌండు వైపు చూడట్లేదుగా నువ్వు."

బావగారు అభిమానుల సంఘానికి అధ్యక్షుడు. వృత్తి ఇన్సూరెన్సు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మనుషుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మీకు ఎన్ని రకాలుగా ముంచుకు రావచ్చో ఆప్యాయంగా వివరించే ఉద్యోగం. అలాంటివాడి చేతిలో ఒక భయం పడితే ఊరికే పోతుందా? సంఘం తీర్మానించింది. అప్పట్నుంచి బాబాయి పేరు పోయి వీపు మిగిలింది. కుర్రకారు "వీపు బాబాయ్" అంటారు, పెద్దలు ఉట్టి "వీపు" అంటారు.

మరి ఆయన తిరిగి నిలబడినా జట్టు ఓడిపోయిన రోజులు లేవా అంటే, ఆ రోజులే ఎక్కువ. వాటికి కారణాలు ఉండనే ఉన్నాయి. భుజం వాల్చాడు. మధ్యలో తుమ్మాడు. మనసులో చూడాలనుకున్నాడు. సముద్రం మీద పనిచేసేవాళ్లు ఓడలో ఈల వెయ్యరట, గాలి రేగుతుందని. ఈల వెయ్యకుండానే తుఫాను వస్తే, ఎవడో లోలోపల వేసుకుని ఉంటాడని సర్దుకుంటారు. పాత రాజుల సంగతులు తిరగేసినా ఇంతే. ముహూర్తం చూసి యుద్ధానికి వెళ్లి తలలు పోగొట్టుకున్నవాళ్లు బోలెడుమంది. ముహూర్తం పెట్టినవాడు మాత్రం తర్వాతి రాజు కొలువులో హాయిగా బతికాడు.

ఒకసారి బాబాయి సెలూన్లోంచి చేతి అద్దం పట్టుకొచ్చాడు. క్రాపు అయ్యాక వెనక జుట్టు చూపించడానికి వాడతాడే, అది. వీపు గ్రౌండు వైపే, మాట తప్పలేదు, అద్దంలో మాత్రం ఆకుపచ్చగా ఓ ముక్క కనిపించింది, అందులో చీమల్లా మనుషులు. కొత్తపెళ్లికొడుకులా సిగ్గుపడుతూ చూశాడు. ఆ ముక్కలోంచి మన గోలీ కాళ్ల సందులోంచి బంతి దూరిపోయింది. గ్యాలరీ అంతా పంచాయితీ. అద్దంలో చూడటం చూడటమా కాదా? సంఘంలో చదువుకున్నవాడు లెక్కల మాస్టారు. ఆయన గెడ్డం గోక్కుంటూ తేల్చాడు: "అద్దంలో కుడి ఎడమవుతుంది. అంటే వీపు మన గోల్‌ని వాళ్ల గోల్ అనుకుని చూశాడు. పడక ఏం చేస్తుంది?" అద్దం నిషేధించారు. టీవీలో మన మ్యాచ్‌లు వచ్చేవి కావు కాబట్టి దాన్ని నిషేధించే శ్రమ తప్పింది.

ఇలా జుట్టు నెరిసింది బాబాయికి. సెలూన్లో సోమవారం పూట మ్యాచ్ వర్ణించమంటే, చూసినవాళ్లకంటే బాగా వర్ణిస్తాడు. ఎగబడి వింటారు. ఆయన గోల్స్ అన్నీ మెరుపులే. బంతి గాల్లో సుళ్లు తిరిగి, పైకడ్డీని ముద్దాడి, లోపలికి వాలుతుంది. అసలు గోల్ చూసినవాళ్లు కూడా అవునవును అంటూ తలూపుతారు. కత్తెర ఆగుతుంది, దువ్వెన ఆగుతుంది, ఆయన కళ్లు ఎక్కడో ఉంటాయి. వర్ణన అయిపోయాక ఓ క్షణం మొహం వాడిపోతుంది. ఎవరూ గమనించరు. సెలూన్లో కూర్చున్నవాడు తన మొహమే చూసుకుంటాడు గానీ మంగలి మొహం చూస్తాడా?

గమనించింది ఆయన భార్య, మా పిన్ని ఒక్కతే. పిన్ని ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. ఊపిరి బిగబట్టండి, కదలకండి, ఇక వదలండి. రోజంతా ఇవే మాటలు, ఇంటికొచ్చాకా అదే గొంతు. గ్రౌండు మొహం ఎన్నడూ చూడలేదు. మనుషుల లోపలంతా చూసే ఉద్యోగం చేసి అలిసిపోయాక, బయట గడ్డి మీద పరిగెత్తేవాళ్లని చూడాలని ఎవరికుంటుంది?

"ఒక్కసారి తిరిగి చూస్తే ఏమవుతుంది?" అంటుంది.

"ఓడిపోతే?"

"ఇప్పుడు గెలిచి ఏడుస్తున్నారా?"

"నీకు తెలీదు. అంతమంది నమ్ముకున్నారు."

"మా అన్నయ్య నమ్మించాడు, మీరు నమ్మారు. అంతమంది ఎక్కడ?"

అలాంటి సమయంలో క్లబ్బు చేతులు మారింది.

పాత యజమాని పెద్దాయన. మ్యాచ్ మొదలవగానే నిద్రపోయి, అయిపోగానే లేచి, "బాగా ఆడారు" అని వెళ్లిపోయేవాడు. ఆయనకున్న ప్రశాంతత ఇంకెవరికీ దక్కలేదు. కొన్నవాడు పరుపుల కంపెనీ ఆయన. ఊళ్లో ఏ ఇంట్లో చూసినా ఆయన పరుపే. జనాన్నందర్నీ పడుకోబెట్టినవాడు మన జట్టుని లేపుతానని ప్రకటించాడు. గ్రౌండు మధ్యలో వేదిక వేయించుకుని, తెల్ల బూట్లు గడ్డిలో దిగబడుతుంటే, "మీ కలలు ఇకనుంచి నా బాధ్యత" అన్నాడు. కలల సంగతి పరుపులవాడికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుందని గ్యాలరీ చప్పట్లు కొట్టింది.

ఆ నెలంతా బాబాయి సెలూన్ అసెంబ్లీ అయిపోయింది. జుట్టు పెరగనివాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు.

"తలతో కొట్టే ఫార్వర్డ్‌ని తెస్తున్నాడట."

"ముందు తల ఉన్న ఫార్వర్డ్‌ని తెమ్మను."

"గ్యాలరీకి పైకప్పు వేయిస్తాడట."

"బాత్రూముల్లో నీళ్లు వస్తాయా అది చెప్పండి. నేను ఇంటర్వెల్లో ఇంటికి పోయి వస్తున్నాను."

లెక్కల మాస్టారికి ఒకటే కోరిక. స్కోరు బోర్డులో మన వైపు అంకె మారే బల్బులు పాడైపోయాయి. "అవి మార్చమనండి చాలు," అన్నాడు. "వాటి అవసరం ఎప్పుడొచ్చిందని మాస్టారూ," అని ఎవరో అంటే అందరూ నవ్వారు. నవ్వారు గానీ, లోపల అందరికీ గుబులుగా ఆశ. ఏళ్ల తరబడి ఓడినవాడికి ఆశ కలిగితే జ్వరం వచ్చినట్టుంటుంది, నాలుక మీద రుచులు మారిపోతాయి.

బాబాయి ఆశ అడగడానికి సిగ్గుపడేటంత చిన్నది. డబ్బున్నవాడు వచ్చాడు, మంచి ఆటగాళ్లు వస్తారు, ఇక వాళ్లే గోల్స్ వేసుకుంటారు. తన వీపుతో పనుండదు. అప్పుడు తిరగొచ్చు. జట్టు గోల్ వేస్తుంటే ఒక్కసారి, అద్దంలో కాదు, ఎవరి మొహంలోనో కాదు, తన కళ్లతో చూడొచ్చు.

బావగారి గెడ్డం గీస్తూ, కత్తి మెడ మీద ఉన్నప్పుడు అడిగాడు. అడగడానికి అంతకంటే మంచి సమయం ఏముంటుంది?

"బావా, కొత్తాయన వచ్చాడుగా. ఇక నేను తిరగొచ్చా?"

బావగారు కదలకుండా, పెదాలు మాత్రం కదిలించి, "తొందరపడకు," అన్నాడు. "కొత్త ఇంట్లోకి దిగగానే పాత తాళం పారేస్తామా? జట్టు కుదురుకోనీ."

"కుదురుకున్నాక?"

"కుదురుకుంది కదా, ఇప్పుడెందుకు మార్చడం అంటారు జనం. చూద్దాంలే."

కత్తి తుడిచి పక్కన పెట్టాడు బాబాయి. గెడ్డం సగమే అయింది. బావగారు అద్దంలో చూసుకుని, "ఇటుపక్క?" అన్నాడు. "చూద్దాంలే," అన్నాడు బాబాయి. ఆయన జన్మలో చేసిన తిరుగుబాటు అప్పటికి అదొక్కటే. టీ చల్లారేలోపే మనసు కరిగి మిగతా సగం కూడా గీశాడు.

ఆ వారంలోనే క్లబ్బునుంచి ఒక అమ్మాయి వచ్చింది. చురుకైన పిల్ల, మెడలో గుర్తింపు కార్డు. అభిమానుల అనుభవాలు చూసుకోవడం తన ఉద్యోగమట. ఓడిపోవడం తప్ప వేరే అనుభవం లేనివాళ్ల మీద ఒక అధికారిని వేశాడంటే పరుపులాయన ఎంత ముందుచూపున్నవాడో చూడండి. తిరిగే కుర్చీలో కూర్చుని, ఆ కుర్చీని అటూ ఇటూ తిప్పుతూ, బాబాయి చెప్పిందంతా విన్నది. చెప్పు జారడం, అద్దం, అన్నీ.

"సర్, వింటుంటే నాకు ఒళ్లు జలదరించింది."

"ఫ్యాన్ నేరుగా తగులుతోందమ్మా. ఇటు జరుగు."

"కాదు సర్. ఇన్నేళ్లు. ఇంత ప్రేమ. ఇది మా క్లబ్బు వారసత్వం సర్."

బాబాయి దువ్వెన చేతులు మార్చుకున్నాడు. ఆడపిల్ల, బయటిది, నవ్వదేమో. "నాకు ఒక్కటే ఉందమ్మా," అన్నాడు. "ఒకసారి చూడాలని. గ్రౌండులో. గోల్."

అమ్మాయి కళ్లు మెరిశాయి. "సర్, మీకోసం ఒక ప్రత్యేకమైన సీటు ఆలోచిస్తున్నాం. మా చైర్మన్ గారి ఐడియా. అలాంటి సీటు గ్రౌండు మొత్తం మీద ఇంకోటి ఉండదు. మొదటి మ్యాచ్‌కి మేడమ్‌ని కూడా తీసుకురండి."

ఆ సాయంత్రం బాబాయి షట్టర్ తొందరగా దించి ఇంటికి పోయాడు. పిన్ని వంటింట్లో గిన్నెలు తోముతోంది. "నాకు సీటు ఇస్తున్నారు," అన్నాడు. "ప్రత్యేకం. ఇంకెవరికీ లేదట. నువ్వూ రావాలట."

"మా అన్నయ్యకి తెలుసా?"

"వాడితో ఏం పని? యజమానే ఇస్తుంటే."

ఆ ధీమా చూసి పిన్ని గిన్నె కింద పెట్టి చేతులు తుడుచుకుంది. పెళ్లయినప్పటినుంచీ భర్త మొహంలో ఆ కళ ఆవిడ చూడలేదు. వెక్కిరించబోయి మానుకుంది.

తర్వాత హోర్డింగులు లేచాయి. బస్టాండు దగ్గర, వంతెన దగ్గర, ఆసుపత్రి ఎదురుగా. వాటి మీద బాబాయి వీపు. నిలువెత్తు వీపు, జట్టు చొక్కా, నెరిసిన మెడ, దాని మీద ఆయన తనకి తాను ఎప్పుడూ సరిగ్గా చేసుకోలేకపోయిన క్రాపు. కింద పరుపుల కంపెనీ గుర్తు, 'ఈ నమ్మకానికి ఆసరా మేము' అని పెద్ద అక్షరాలు. పిన్ని ఎక్స్‌రే గది కిటికీలోంచి రోజూ చూసింది. "ఇన్నాళ్లకి మీ ఫోటో వేశారు," అన్నది, "మొహం లేకుండా. వెన్నెముక కొంచెం ఎడమకి వంగింది, ఎప్పుడైనా రండి తీస్తాను."

మొదటి మ్యాచ్ రోజు గ్రౌండు గుర్తుపట్టేలా లేదు. ఇనుప కడ్డీ లేదు. సిమెంటు మెట్ల మీద ప్లాస్టిక్ కుర్చీలు బోల్టులు వేసి బిగించారు. ముందు వరుసల్లో పరుపుల కంపెనీ అతిథులు. బావగారు, మాస్టారు, మిగతా పాతకాపులంతా పైన ఎక్కడో కప్పు కింద పావురాల దగ్గర. కప్పు మాత్రం వేయించాడు, ఆ మాట ఒప్పుకోవాలి.

ముందు వరుసకి ముందు, ఎత్తైన దిమ్మె మీద, గుడ్డ కప్పిన వస్తువు ఒకటి. పరుపులాయన స్వయంగా గుడ్డ లాగాడు. కుర్చీ. నీలం ముఖమల్, పక్కల చెవుల్లాంటి దిండ్లు, వెనక తలదాకా ఎత్తు. నాలుగు కాళ్లూ నేలకి బిగించి ఉన్నాయి. మొహం జనం వైపు, వీపు గ్రౌండు వైపు. వీపు మీద ఇత్తడి రేకు, దాని మీద ఆయన మారుపేరు.

చప్పట్లు. బాబాయి కుర్చీ చుట్టూ ఒకసారి నడిచాడు, ఎక్కడైనా తిప్పే మర ఉందేమోనని.

"ఎలా ఉంది సర్?" అన్నది అమ్మాయి.

"ఇది తిరగదామ్మా?"

"అసలు కదలదు సర్. చాలా గట్టిగా బిగించాం."

కూర్చున్నాడు. ఏం చేస్తాడు, ఎదురుగా యజమాని, కెమెరాలు, తన పేరు చెక్కిన రేకు. అంత మెత్తటి దాంట్లో ఆయన వీపు జన్మలో ఆనలేదు. ఎదురుగా మొదటి వరుసలో పిన్ని, ఒళ్లో సంచీ పెట్టుకుని, ఆసుపత్రిలో రోగిని చూసినట్టు ఆయన్నే చూస్తూ.

ఆట మొదలైంది. అప్పుడు తెలిసింది బాబాయికి తన గతి. పాత మొహాలన్నీ పైన పావురాల్లో కలిసిపోయాయి, కంటికి ఆనవు. ఎదురుగా ఉన్నవి అతిథుల మొహాలు. వాటిలో మ్యాచ్ లేదు. వాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. ఒకాయన ఆవలించాడు. మన గోల్ మీదికి వస్తున్నారా, మన ఫార్వర్డ్ తప్పిపోయాడా, ఆయనకి అదంతా ఒక ఆవలింతేనా? ఒకావిడ కనుబొమలు లేచాయి. బాబాయి గుండె లేచింది. ఆవిడ కాఫీలో చక్కెర ఎక్కువైందట. మధ్యమధ్య ఎవరో ఒకరు వచ్చి కుర్చీ పక్కన నిలబడి సెల్ఫీ తీసుకుని పోతున్నారు. చెవుల దిండ్లు మెత్తగా, కేకలు కూడా సరిగ్గా వినపడనివ్వకుండా, ఆయన్ని నిద్రపుచ్చడానికి చూస్తున్నాయి. ఇన్నాళ్లూ కళ్లకి లేకపోయినా మొహాల్లో ఉండేది ఆట. కొత్త యాజమాన్యం ఆయనకి కుర్చీ ఇచ్చి అది కూడా తీసేసుకుంది.

రెండో సగంలో పైనుంచి ఒక హోరు దిగింది. దిండ్లని దాటి వచ్చింది.

"ఏమయింది?" అన్నాడు పిన్నితో.

"నాకేం తెలుసు? ఎవడో పడ్డాడు. విమానంలో తెచ్చారే, ఆ పొడుగువాడు. పొద్దుట్నుంచీ పడుతూనే ఉన్నాడు, ఇప్పుడు ఈల ఊదారు."

"ఊది?"

"అందర్నీ దూరంగా తోలేశారు. వాడొక్కడే నిలబడ్డాడు. బంతి కింద పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెడుతున్నాడు."

"పెనాల్టీ." వేళ్లు ముఖమల్‌ని పట్టుకున్నాయి. "మన పెనాల్టీ."

"అయితే చూడండి."

"కుర్చీ తిరగదు."

"మనిషి తిరుగుతాడుగా."

మామూలుగా అన్నది. రోగికి ఇక వదలండి అని చెప్పే గొంతుతో. బాబాయి ఆవిడ మొహంలోకి చూశాడు. అంత గ్రౌండులో ఆయన చదవగలిగిన మొహం అదొక్కటే. అందులో ఆట లేదు, గెలుపు ఓటములు లేవు, తానున్నాడు.

రైలు కిటికీ దగ్గర పిల్లాడిలా కుర్చీలో మోకాళ్ల మీద లేచి, వీపు దిండు మీద గెడ్డం ఆనించి, తిరిగాడు.

గ్రౌండు తను అనుకున్నదానికంటే చిన్నది. ఆకుపచ్చ కూడా అంత ఆకుపచ్చ కాదు. పొడుగువాడు పరిగెత్తుకొచ్చి తన్నాడు. తన్నాడనడం గౌరవం, తోశాడు. గోలీ సరైన వైపే పడ్డాడు, బంతి అతని అరికాలికి తగిలింది, కడ్డీకి తగిలింది, కాసేపు ఆలోచించుకుంది, ఎవరినో అడ్రసు అడిగి వస్తున్నట్టు మెల్లగా గీత దాటింది. ఇంతేనా అనిపించింది. సెలూన్లో తను వేసిన గోల్స్ ముందు ఇది ఏపాటి? అప్పుడే వల కదిలింది. బంతి తగిలినచోట చిన్నగా ఉబ్బి, ఆ ఉబ్బు పైకి పాకి, వల మొత్తం ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టు లేచి, మళ్లీ మెల్లగా వాలింది. వల కదులుతుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఎన్ని వేల మొహాలు చదివాడో, ఒక్క మొహంలోనూ అది లేదు.

కళ్లు తుడుచుకుందామనుకుని, తుడిస్తే ఆ క్షణం కనపడదని మానేశాడు.

కొత్తగా పెట్టిన పెద్ద తెర మీద పరుపులాయన కెమెరావాళ్లు ఈ వారసత్వాన్ని చూపిద్దామని కెమెరా కుర్చీ వైపు తిప్పారు. తెర నిండా బాబాయి మొహం. తడిసిన, నోరు తెరిచిన, బొత్తిగా నమ్మకం తప్పిన మొహం. గెంతులేస్తున్న గ్యాలరీ గెంతు మధ్యలో ఆగిపోయింది. పైనుంచి బావగారి కేక ఒక్కటి: "బావా, తిరుగు."

బాబాయి తిరగలేదు. మిగిలిన ఆటంతా అలాగే మోకాళ్ల మీద చూశాడు. మన జట్టు రెండు గోల్స్ తిని ఓడిపోయింది. ఆ రెండూ కూడా చూశాడు. వల రెండుసార్లూ కదిలింది.

మర్నాడు సెలూన్లో విచారణ. బావగారు కుర్చీలో కూర్చోలేదు, నిలబడ్డాడు, కత్తి దగ్గరికి మెడ తేదలుచుకోలేదు కాబోలు.

"రెండు గోల్స్, బావా. రెండూ నీ కళ్లే."

"ఒకటి మనం కూడా వేశాంగా, నేను చూస్తుండగా."

"పెనాల్టీ గోల్ కాదు. రిఫరీ దయ."

"అలా అనకూడదు," అన్నాడు లెక్కల మాస్టారు. "అసలు ఈయన తిరిగింది బంతి కడ్డీకి తగలకముందా, తగిలాకా అన్నది తేలాలి." ఎవరికీ తేల్చాలని లేదు. తేలితే, ఇన్నేళ్లూ ఒక మనిషిని ఊరికే గోడకి నిలబెట్టినట్టు నిలబెట్టామని కూడా తేలుతుంది. కాబట్టి పాపమంతా చూపుదేనని ఏకగ్రీవంగా అనుకున్నారు.

మధ్యాహ్నం అమ్మాయి వచ్చింది. నవ్వు కొంచెం పలచబడింది. చైర్మన్ గారికి కోపం లేదట, బాధ మాత్రం ఉందట. పై మ్యాచ్‌కి సర్ మామూలుగా కూర్చుంటే చాలట. హోర్డింగులు ఇంకా దింపలేదు కదా.

"వద్దమ్మా," అన్నాడు బాబాయి, ఎవరి తలకో నీళ్లు కొడుతూ. "మెత్తగా ఉంది, బాగుంది. నాకు చూడటం కావాలి."

"కుర్చీ ఖాళీగా ఉంటే బాగోదు సర్."

"బాగోదు," అన్నాడు బావగారు వెంటనే. అన్నాక అందరూ తన వైపు చూస్తున్నారని గమనించాడు. ఆయనే కదా నమ్మించింది. ఖాళీ కుర్చీ ఉంటే జట్టు మునుగుతుందని ఆ పొద్దున్నే గంటసేపు చెప్పింది ఆయనే.

"అధ్యక్షుడు ఉండగా ఇంకొకరెందుకు?" అన్నాడు మాస్టారు.

"పదవి కుటుంబం దాటి పోకూడదు కూడాను," అని ఇంకెవరో అందుకున్నారు.

నలభై రకాల ఆపదల నుంచి జనాన్ని కాపాడే మనిషికి ఈ ఆపదకి పాలసీ దొరకలేదు.

పై మ్యాచ్‌కి నీలం కుర్చీలో బావగారు కూర్చున్నాడు. ఇత్తడి రేకు మార్చడానికి టైము చాలలేదు. అతిథుల మొహాలు అర్థం కావని గోల పెట్టి, బాబాయికీ పిన్నికీ ఎదురుగా మొదటి వరుసలో సీట్లు ఇప్పించుకున్నాడు. పిన్ని సంచీలోంచి బఠాణీలు తీసి నములుతోంది. ఆట మీద ఆవిడకి ఇంకా మనసు పడలేదు, కానీ భర్త పక్కన కూర్చుని ఒకే వైపు చూడటం పరవాలేదనిపించింది.

ఆట మొదలై కాసేపయింది. బంతి మనవాళ్ల దగ్గర ఉంది, అరుదైన సంగతి. పొడుగువాడు ఈసారి పడకుండా పరిగెత్తుతున్నాడు. బాబాయి కనుబొమలు లేచాయి. బావగారు ఎదురుగా వాటినే చూస్తున్నాడు, చదవడం రాక, మెడ చాచి, చెమటలు పడుతూ.

"ఏమయింది బావా? మనదేనా? ఎటు పోతోంది?"

బాబాయి సీటు అంచుకి జరిగాడు.

"చెప్పు బావా. ఎవడి దగ్గరుంది?"

"ఉండవయ్యా," అన్నాడు బాబాయి, ఆయన తల అడ్డం వస్తే చేత్తో పక్కకి నెట్టి, "చూడనీ."